పాత టర్బో కారులో ‘హవా లీక్’: టర్బో మార్చే ముందు పైపులు చూడండి

ఉస్మాన్‌గంజ్‌లో పొద్దున పది దాటాక కారు నడపడమంటే క్లచ్‌కీ బ్రేక్‌కీ మధ్య కాలు ఆడించడమే. ఒకవైపు లారీల్లోంచి మూటలు దిగుతుంటాయి, ఇంకోవైపు తోపుడు బండ్లు అడ్డం వస్తుంటాయి. బండి కదిలే సమయం కంటే ఐడిల్‌లో నిలబడే సమయమే ఎక్కువ. పాత టర్బో కార్ల రోగం బయటపడేది కూడా సరిగ్గా ఇలాంటి చోటే. ఆర్‌పీఎం ముల్లు 800 దగ్గర నిలవకుండా 600కి పడిపోతుంది, మళ్లీ 1,200కి లేస్తుంది. సిగ్నల్ దగ్గర ఆగితే బండి వణుకుతుంది. ఏసీ వేస్తే ఆగిపోతుంది. కాస్త ఖాళీ రోడ్డు దొరికి యాక్సిలరేటర్ తొక్కితే పాత పికప్ ఉండదు.

గ్యారేజీకి తీసుకెళ్తే చాలాసార్లు వినిపించే మాట ఒకటే: “టర్బో పోయింది భాయ్.” నిజంగానే పోయి ఉండొచ్చు. కానీ ఇవే లక్షణాలు వేలి మందం రబ్బరు పైపు పగిలినా వస్తాయి. పైపు ఖర్చు వందల్లో ఉంటుంది, టర్బో ఖర్చు వేలల్లో ఉంటుంది. సెకండ్ హ్యాండ్‌లో కారు కొని, నెల జీతంలోంచి రిపేర్లు చేయించుకునే ఇంటికి ఇది చిన్న తేడా కాదు. అంతకంటే పెద్ద విషయం, ఈ గాలి లీక్ బ్రేకులతో ముడిపడి ఉంది. అందుకే అసలు సంగతి ఏమిటో బండి ఓనర్‌కి కూడా కొంత తెలియాలి.

ముందు బ్రేకు సంగతి

కారు బ్రేకు తేలికగా పడటానికి కారణం పెడల్ వెనక ఉన్న గుండ్రటి డబ్బా, అంటే బ్రేక్ బూస్టర్. లోపల రబ్బరు పొర ఉంటుంది. దానికి ఒకవైపు గాలి పీల్చేసి ఖాళీ చేస్తారు. ఇంకోవైపు బయటి గాలి ఒత్తిడి వచ్చి మన కాలికి సాయం చేస్తుంది. ఆ ఖాళీనే వ్యాక్యూమ్ అంటారు. వ్యాక్యూమ్ రాకపోతే బ్రేకు మాయమైపోదు కానీ పెడల్ రాయిలా గట్టిపడుతుంది. మామూలుగా తొక్కినంత తొక్కితే బండి ఆగదు, రెండు మూడింతలు బలం పెట్టాలి. నలుగురు కూర్చున్న బండి ఫ్లైఓవర్ దిగుతున్నప్పుడు ఇది తెలిసొస్తే పరిస్థితి ఏమిటో చెప్పక్కర్లేదు.

దీన్ని పరీక్షించడానికి ఏ పనిముట్టూ అక్కర్లేదు. ఇంజిన్ ఆపి ఉండగా పెడల్‌ని నాలుగైదు సార్లు తొక్కండి, గట్టిపడుతుంది. అలాగే కాలితో నొక్కి పట్టుకుని ఇంజిన్ స్టార్ట్ చేయండి. పెడల్ కాస్త కిందికి దిగాలి. దిగకపోతే బూస్టర్‌కి వ్యాక్యూమ్ అందడం లేదు, లేదా బూస్టరే చెడింది. రెండో పరీక్ష కూడా ఉంది. ఇంజిన్ ఒక నిమిషం నడిపి ఆపేయండి. రెండు మూడు నిమిషాలు ఆగి పెడల్ తొక్కండి. మొదటి ఒకటి రెండు సార్లు మెత్తగానే పడాలి. మొదటి తొక్కుకే గట్టిగా ఉంటే నిల్వ ఉన్న వ్యాక్యూమ్ కారిపోయిందని అర్థం. బూస్టర్ పైపులో ఉండే చెక్ వాల్వ్ పని గాలిని ఒకవైపే వదలడం, ఎక్కువగా అదే కారణం అవుతుంది. పెడల్ తొక్కినప్పుడు డ్యాష్‌బోర్డు కింద నుంచి ‘సుయ్’మని ఆగకుండా శబ్దం వస్తుంటే బూస్టర్ లోపలి పొర చిరిగినట్టు.

ఈ రెండు పరీక్షల్లో బండి ఫెయిల్ అయితే మిగతా వ్యాసం తర్వాత చదువుకోవచ్చు. ముందు ఆ బండి రోడ్డెక్కకూడదు.

పెట్రోలా, డీజిలా?

చాలామంది, మెకానిక్‌లతో సహా, ఇక్కడే పొరబడతారు. పెట్రోల్ ఇంజిన్‌లో గాలి దారికి అడ్డంగా థ్రాటిల్ అనే రేకు ఉంటుంది. ఐడిల్‌లో అది దాదాపు మూసుకుని ఉంటుంది కాబట్టి పిస్టన్లు పీల్చే కొద్దీ మానిఫోల్డ్‌లో వ్యాక్యూమ్ తనంతట తానే పుడుతుంది. డీజిల్ ఇంజిన్ గాలిని ఆ రకంగా అడ్డుకోదు. అందుకే అందులో విడిగా వ్యాక్యూమ్ పంప్ పెడతారు. మారుతి స్విఫ్ట్ డీజిల్‌లోని 1.3 లీటర్ల ఇంజిన్‌లో ఆ పంపును క్యామ్‌షాఫ్ట్ తిప్పుతుంది. కొన్ని బండ్లలో ఆల్టర్నేటర్ వెనకే బిగించి ఉంటుంది.

కాబట్టి డీజిల్ బండి ఐడిల్‌లో ఎగిరెగిరి పడుతుంటే దానికి కారణం వ్యాక్యూమ్ లీక్ అని చెప్పేవాళ్ల మాట నమ్మడం కష్టం. ఇంజెక్టర్లు, డీజిల్ లైన్‌లో గాలి, ఈజీఆర్ వాల్వ్ ముందు చూడాలి. డీజిల్‌లో వ్యాక్యూమ్ లీక్ చూపించే లక్షణాలు వేరు. వాటిని విడదీసే పద్ధతి సులువు. బ్రేకు గట్టిపడింది, పికప్ కూడా పోయింది అంటే రెండింటికీ మూలమైన పంపు గానీ మెయిన్ పైపు గానీ చూడాలి. బ్రేకు బాగానే ఉంది, పికప్ మాత్రమే లేదు అంటే టర్బో వైపు పోయే సన్న పైపులు చూడాలి. పికప్ బాగుంది, బ్రేకు ఒక్కటే గట్టి అంటే చెక్ వాల్వ్, బూస్టర్.

ఇందులో ఇంకో మెలిక ఉంది. అన్ని డీజిల్ టర్బోలూ వ్యాక్యూమ్‌తో పనిచేయవు. స్విఫ్ట్ 75 హార్స్ పవర్ ఇంజిన్‌లో టర్బో అదుపు, టర్బో పుట్టించే గాలి ఒత్తిడితోనే జరుగుతుంది. 2006లో వచ్చిన హ్యుందాయ్ వెర్నా సీఆర్‌డీఐ, స్కోడా లారా 1.9 టీడీఐ లాంటి వాటిలో టర్బో లోపలి రెక్కల్ని వ్యాక్యూమ్ లాగుతుంది. ఈ రకాన్నే వీజీటీ అంటారు. వ్యాక్యూమ్ కారిపోతే రెక్కలు తెరుచుకునే ఉండిపోతాయి. కింది ఆర్‌పీఎంలో బండికి ప్రాణం ఉండదు, 2,500 దాటాక కాస్త లేస్తుంది. ఇంజిన్ స్టార్ట్ చేస్తున్నప్పుడు ఇంకొకరు టర్బో పక్కన ఉన్న గిన్నె లాంటి యాక్చుయేటర్‌ని చూస్తే, దాని కడ్డీ కదలాలి. కదలకపోతే చేతి పంపుతో నేరుగా ఆ గిన్నెకి వ్యాక్యూమ్ ఇచ్చి చూడాలి. అప్పుడు కదిలి నిలబడితే గిన్నె మంచిదే, లోపం పైపులోనో సోలినాయిడ్‌లోనో ఉంది. కదిలి మెల్లగా వెనక్కి పోతే గిన్నె లోపలి పొర చిరిగింది. అసలు కదలకపోతే రెక్కలు మసి పట్టి బిగుసుకున్నాయి. ఐదు నిమిషాల పని ఇది. ఇది చేయకుండా టర్బో విప్పడం డబ్బులు పారేయడమే.

పంపు పరీక్ష కూడా అంతే. పంపు దగ్గర పైపు తీసి గేజ్ పెడితే ఐడిల్‌లో కొన్ని క్షణాల్లోనే ముల్లు 24 ఇంచుల చుట్టుపక్కలకి చేరాలి. ఈ పంపులకు ఇంజిన్ ఆయిలే తడి. ఆయిల్ మార్చకుండా ఏళ్లు నడిపిన బండిలో పంపు అరిగిపోవడం మామూలే.

గేజ్ చదవడం, హైదరాబాద్ లెక్క

వ్యాక్యూమ్‌ని పాదరసం ఇంచుల్లో కొలుస్తారు. 1643లో ఇటలీలో టోరిచెల్లి పాదరసం గొట్టంతో గాలి బరువు కొలిచిన నాటి లెక్కే గేజ్ మీద ఇంకా నడుస్తోంది. పుస్తకాల్లో, వీడియోల్లో పెట్రోల్ ఇంజిన్ ఐడిల్‌లో 17 నుంచి 22 ఇంచులు ఉండాలని చెబుతారు. అది సముద్ర మట్టం లెక్క. హైదరాబాద్ సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ గాలి ఒత్తిడి దాదాపు 28 ఇంచులే, సముద్రం ఒడ్డున 29.92. అంటే దాదాపు 2 ఇంచులు తక్కువ. ముంబయి వాళ్ల వీడియోలో 20 కనిపించి, నాంపల్లిలో మీ బండి 18 చూపిస్తే అది రోగం కాదు. ఇక్కడ 15 నుంచి 20 మధ్య ముల్లు కదలకుండా ఉంటే సరే.

ముల్లు కదలకుండా 10, 12 దగ్గర నిలబడితే గాలి లీక్ గానీ టైమింగ్ వెనకబడటం గానీ అయి ఉండాలి. ముల్లు ఒక లయలో టక్ టక్ అని పడిలేస్తుంటే వాల్వ్ సమస్య, అది పైపుల వ్యవహారం కాదు.

స్కానర్ చెప్పేది

మన దేశంలో బీఎస్-4 నగరాల్లో, వాటిలో హైదరాబాద్ కూడా ఉంది, 2010 ఏప్రిల్ నుంచి ఓబీడీ మొదటి దశ, 2013 ఏప్రిల్ నుంచి రెండో దశ తప్పనిసరి అయ్యాయి. అంతకు ముందు బండ్లలో ఆన్‌లైన్‌లో దొరికే చౌక బ్లూటూత్ స్కానర్ పనిచేయొచ్చు, చేయకపోవచ్చు. యూరప్ కంపెనీల బండ్లకు వాటి సొంత సాఫ్ట్‌వేర్ ఉన్న మెకానిక్ దగ్గరికి వెళ్లడం మేలు.

స్కానర్ దొరికితే కోడ్ ఒక్కటే చూసి ఆగకూడదు. పి0171 అంటే పెట్రోల్‌తో పోలిస్తే గాలి ఎక్కువైందని మాత్రమే. ఎందుకన్నది చెప్పదు. ఫ్యూయెల్ ట్రిమ్ అనే అంకెలు చూడాలి. గాలి ఎక్కువైతే కంప్యూటర్ పెట్రోల్ ఎంత పెంచుతోందో అవి శాతంలో చెబుతాయి. ఐడిల్‌లో ప్లస్ 15, ప్లస్ 20 ఉండి, 2,500 ఆర్‌పీఎం దగ్గర పట్టుకుంటే సున్నా దగ్గరికి వస్తే అది దాదాపు ఖాయంగా వ్యాక్యూమ్ లీక్. కారణం తేలికే: దొంగ దారిలో వచ్చే గాలి ఎప్పుడూ అంతే ఉంటుంది, అసలు దారిలో వచ్చే గాలి పెరిగే కొద్దీ దాని వాటా తగ్గిపోతుంది. రెండు చోట్లా ఎక్కువే ఉంటే గాలి కొలిచే సెన్సర్‌ని అనుమానించాలి. ఐడిల్‌లో బాగుండి వేగం పెరిగే కొద్దీ పెరిగితే పెట్రోల్ పంప్, ఫిల్టర్ వైపు వెళ్లాలి.

మ్యాప్ సెన్సర్ ఉన్న బండ్లలో ఇంకో చిన్న పరీక్ష ఉంది. ఇగ్నిషన్ ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకముందు హైదరాబాద్‌లో ఆ సెన్సర్ 95 కిలోపాస్కల్స్ దగ్గర చూపాలి. వేడెక్కిన ఇంజిన్ ఐడిల్‌లో 30 నుంచి 40కి పడాలి. కానీ కొన్ని టర్బో బండ్లలో ఈ సెన్సర్‌ని థ్రాటిల్‌కి ముందే పెడతారు. అలాంటి దాంట్లో ఐడిల్‌లో కూడా 95 చూపిస్తుంది. అది చూసి గాభరా పడితే అనవసర ఖర్చు.

టర్బో పెట్రోల్ అసలు చిక్కు

టర్బో లేని కారులో లీక్ అంటే ఒకటే, బయటి గాలి లోపలికి రావడం. టర్బో కారులో అదే చిల్లు రెండు రకాలుగా పనిచేస్తుంది. ఐడిల్‌లో మానిఫోల్డ్ లోపలికి పీలుస్తుంది కాబట్టి బయటి గాలి దూరి పెట్రోల్ పలచనవుతుంది. తొక్కగానే టర్బో గాలిని కుక్కుతుంది, అదే చిల్లులోంచి కొలిచిన గాలి బయటికి తన్నుకుపోతుంది. కంప్యూటర్ మాత్రం ఆ గాలంతా లోపలికే వచ్చిందనుకుని పెట్రోల్ పోస్తుంది. నల్ల పొగ, తాగుడు ఎక్కువ, పికప్ సున్నా. ఆగి ఉన్నప్పుడు ఆకలి, పరుగెత్తేటప్పుడు అజీర్తి. ఒకే బండిలో రెండూ కనిపిస్తే మెకానిక్ కూడా తికమక పడతాడు.

మన దగ్గర దీనికి మంచి ఉదాహరణ స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్. 2004లో మన దేశానికి వచ్చింది. 1.8 లీటర్ల టర్బో పెట్రోల్, 150 హార్స్ పవర్. ఆ రోజుల్లో మన రోడ్ల మీద టర్బో పెట్రోల్ కారు అరుదు. ఇప్పుడు మిగిలిన ఆ బండ్లన్నీ 15 ఏళ్ల ఆర్‌సీ దాటి, ఐదేళ్లకోసారి రెన్యువల్ మీద నడుస్తున్నవే. ఇంజిన్ గట్టిది. దాని చుట్టూ అల్లుకున్న రబ్బరే బలహీనం.

ఆ ఇంజిన్‌లో ముందు చూడాల్సింది మానిఫోల్డ్ కింద దాక్కున్న పొగ గొట్టాలు, అంటే ఇంజిన్ లోపలి ఆవిరిని మళ్లీ గాలి దారిలోకి పంపే పీసీవీ పైపులు. ఆయిల్ ఆవిరికి నాని, వేడికి కాలి, వేలితో నొక్కితే బిస్కెట్‌లా విరిగిపోతాయి. పైనుంచి చూస్తే కనిపించవు, అద్దం, టార్చి కావాలి. తర్వాత బ్రేక్ బూస్టర్ లైన్‌లోని చెక్ వాల్వ్, దాని పక్కన ఉండే చిన్న ప్లాస్టిక్ సక్షన్ పంప్. తర్వాత డైవర్టర్ వాల్వ్. దాన్ని విప్పి లోపలి పిస్టన్‌ని నొక్కి, పై చిన్న నాజిల్‌ని వేలితో మూసి, పిస్టన్ వదలండి. అది అలాగే ఆగాలి. వెంటనే వెనక్కి వస్తే పొర చిరిగింది. ఎయిర్ సెన్సర్ నుంచి టర్బోకి పోయే లావు రబ్బరు పైపు అడుగున కూడా పగుళ్లు వస్తాయి. చేయి పెట్టి తడమాలి.

మన పక్కన ఇంకో శత్రువు కూడా ఉంది, ఎలుక. సరుకు గోదాముల పక్కన రాత్రిళ్లు పార్క్ చేసే బండ్లలో పైపు తెగి ఉంటే పగులు గీత కనిపించదు, పంటి గాట్లు కనిపిస్తాయి. పైపు మార్చినా నెలలో మళ్లీ అదే జరుగుతుంది. పార్కింగ్ చోటు మార్చడం తప్ప పెద్ద ఉపాయం లేదు.

లీక్ వెతకడం

మొదట చెవులు. ఇంజిన్ నడుస్తుండగా గజం పొడుగు రబ్బరు ట్యూబు ఒక కొన చెవి దగ్గర, రెండో కొన పైపుల వెంట తిప్పుతూ వినాలి. ‘సుయ్’మన్న చోటే చిల్లు. ఫ్యాను, బెల్టు దగ్గర ట్యూబు, దుపట్టా, చేతి చొక్కా జాగ్రత్త. తర్వాత ఒక్కో మెత్తటి పైపును గుడ్డ చుట్టిన ప్లయర్‌తో నొక్కి చూడాలి. ఏ పైపు నొక్కితే ఐడిల్ మారుతుందో లీక్ ఆ దారిలో ఉంది. ఎండిపోయిన ప్లాస్టిక్ పైపుల్ని మాత్రం నొక్కొద్దు, చేతిలోనే విరుగుతాయి.

కార్బొరేటర్ క్లీనర్ కొట్టి ఆర్‌పీఎం మారితే లీక్ అని చెప్పే పద్ధతి పాతది, చాలా చోట్ల ఇంకా నడుస్తోంది. టర్బో బండిలో మాత్రం అది ప్రమాదం. టర్బో, దాని పక్క ఎగ్జాస్ట్ అప్పుడే నడిచిన బండిలో మండేంత వేడిగా ఉంటాయి. ఆ స్ప్రే అంటుకుంటే బానెట్ కిందే మంట. అగర్‌బత్తి పొగ ఎటు లాగుతుందో చూసే పద్ధతి మరీ అంత ప్రమాదం కాదు, కానీ పెట్రోల్ వాసన కాస్తయినా వస్తుంటే అదీ వద్దు.

అన్నిటికంటే నమ్మకమైనది ఇంజిన్ ఆపి, చల్లారాక చేసే ప్రెషర్ టెస్ట్. టర్బో గాలి పీల్చే మూతికి సరిపడా పీవీసీ మూత తెచ్చి, దానికి ట్యూబ్‌లెస్ టైరు వాల్వ్ బిగిస్తే పరికరం రెడీ. ఎయిర్ సెన్సర్ పైపు తీసి ఆ మూత క్లిప్పుతో బిగించి, పంక్చర్ షాపు కంప్రెసర్‌తో మెల్లగా గాలి ఎక్కించాలి. 5 నుంచి 10 పీఎస్‌ఐ చాలు. అంతకు మించి వెళ్తే ఆయిల్ సీళ్లు బయటికి తన్నుకొస్తాయి. పీసీవీ దారిలో గాలి ఇంజిన్ లోపలికి పోకుండా ఆ పైపుకు ముందే బిరడా పెట్టుకోవాలి. తర్వాత సబ్బు నీళ్లు. ప్రతి జాయింటు, ప్రతి క్లిప్పు, ఇంటర్‌కూలర్ రెండు మూతులు, మానిఫోల్డ్ గ్యాస్కెట్ అంచు తడపాలి. బుడగ వచ్చిన చోట చాక్‌పీసుతో గుర్తు పెట్టాలి. ఒక బుడగ కనిపించగానే ఆపేయకూడదు. పదిహేనేళ్ల రబ్బరు ఒక్క చోటే పగలదు.

స్మోక్ మెషిన్ ఉన్న వర్క్‌షాప్ అయితే ఇదే పని పొగతో ఇంకా తొందరగా అవుతుంది. మానిఫోల్డ్ కింద చేయి పోని చోట్లకి పొగే మంచిది.

పైపు కొనేటప్పుడు

గోషామహల్, పుత్లీబౌలీ వైపు స్పేర్ పార్ట్స్ షాపుల్లో పాత పైపు ముక్క చేతిలో పట్టుకుని వెళ్లండి. లోపలి వ్యాసం కొలిచి తీసుకోవాలి. 3 మిల్లీమీటర్ల నాజిల్‌కి 4 మిల్లీమీటర్ల పైపు తొడిగి వైరుతో చుట్టేయడం మళ్లీ లీకే. సన్న వ్యాక్యూమ్ లైన్లకు సిలికాన్ పైపు బాగానే ఉంటుంది. ఆయిల్ ఆవిరి పోయే పీసీవీ పైపుకు మామూలు సిలికాన్ వద్దు, ఆయిల్‌కి ఉబ్బిపోతుంది. బ్రేక్ బూస్టర్ పైపు విషయంలో అసలు రాజీ పడొద్దు. పలచటి పైపు వేస్తే వ్యాక్యూమ్‌కి లోపలికి చప్పిడి అయిపోతుంది, బయటికి మాత్రం బాగానే కనిపిస్తుంది. అక్వేరియం పైపు, ఇన్సులేషన్ టేపు, ఫెవిక్విక్ ఇంటి దాకా రావడానికి పనికొస్తాయేమో కానీ వాటి మీద వారం నడపకూడదు. చెక్ వాల్వ్ తిరగేసి బిగించడం కూడా తరచుగా జరిగే పొరపాటే. నోటితో ఊది, ఏ వైపు గాలి పోతుందో చూసి, ఇంజిన్ వైపు పోయేలా పెట్టాలి.

పని అయ్యాక స్కానర్‌తో పాత కోడ్లు, ట్రిమ్ అంకెలు చెరిపేయించి రెండు మూడు రోజులు మామూలుగా నడపండి. ట్రిమ్ ఐడిల్‌లో ప్లస్ మైనస్ 5 లోపల ఉంటే లీక్ మూసుకున్నట్టే. పొల్యూషన్ సర్టిఫికెట్ కోసం వెళ్తే పెట్రోల్ బండిలో హైడ్రోకార్బన్ అంకె కూడా అడిగి చూడండి. లీక్ వల్ల సరిగ్గా మండని పెట్రోల్ ముందు అక్కడే కనిపిస్తుంది. కొత్త పైపుల క్లిప్పులు వేడికి కాస్త వదులవుతాయి, వారం తర్వాత చల్లటి ఇంజిన్ మీద ఒకసారి బిగించుకోండి. బ్రేకు పెడల్ పరీక్ష కూడా ఆ రోజే మళ్లీ చేసుకోండి.